165 కొన్నవాడికి 165 చూపించి పంపండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో గేమింగ్ మానిటర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. రెండు మాటల దగ్గర ఆగిపోయి మళ్ళీ చదివాను. ఒకటి, మనిషి కన్ను సెకనుకు 60 ఫ్రేములకు, అంటే 60 బొమ్మలకు మించి చూడలేదని, ఆ పైనదంతా ప్రచారమని రాశారు. రెండోది, అదే వ్యాసం చివర గేములు స్మూత్‌గా రావాలంటే 144 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకు 144 సార్లు తెర మీద బొమ్మ మార్చగలది, కొంటే చాలన్నారు. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు, విడివిడిగా చూసినా నిజం కావు. నేను తెనాలిలో 1988 నుంచి టీవీలు, 2001 నుంచి కంప్యూటర్లు రిపేరు చేసుకుని బతుకుతున్నవాణ్ని. ఇలాంటి మాటలు నమ్మి డబ్బు పెట్టి, తర్వాత నా షాపు మెట్లెక్కేవాళ్ళని తరచూ చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముందు కన్ను సంగతి. పిక్చర్ ట్యూబు మానిటర్ల ముందు కూర్చున్నవాళ్ళెవరూ ఆ మాట ఒప్పుకోరు. ఇంటర్నెట్ సెంటర్లు వీధికొకటి వెలిసిన రోజుల్లో చాలాచోట్ల మానిటర్లని 60 హెర్ట్జ్ మీదే వదిలేసేవాళ్ళు. గంట కూర్చున్నవాడు కళ్ళు నులుముకుంటూ లేచేవాడు. తెర వంక సూటిగా కాకుండా పక్కకి చూస్తే ఓరకంటికి ఆ వణుకు ఇట్టే తెలిసేది. నేను వెళ్ళి సెట్టింగుల్లో 85 పెట్టేవాణ్ని. వణుకు అక్కడికక్కడే పోయేది. కన్ను 60 దగ్గరే ఆగిపోయేదైతే 60కీ 85కీ తేడా ఎలా తెలిసినట్టు?

మరి సినిమాకి సెకనుకు 24 బొమ్మలు చాలుతున్నాయి కదా, గేముకి ఎందుకు చాలవు అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రీలు సినిమా రోజుల్లో ప్రొజెక్టర్‌లో తిరిగే షట్టరు ఒక్కో బొమ్మ మీద వెలుగుని రెండుసార్లో మూడుసార్లో కోసేది. బొమ్మలు 24 అయినా వెలుగు 48 సార్లో 72 సార్లో పడేది, అందుకే తెర మిణుకుమనేది కాదు. పైగా సినిమా కెమెరా పరిగెత్తే మనిషిని తీస్తే ఆ కదలిక ఒక్కో బొమ్మలో కాస్త చెరిగినట్టు పడుతుంది. ఆ చెరుపే ఒక బొమ్మని ఇంకో బొమ్మతో అతికిస్తుంది. గేములో కంప్యూటర్ లోపలి గ్రాఫిక్స్ కార్డు అప్పటికప్పుడు గీసే ప్రతి బొమ్మా మామూలుగా చెక్కినట్టు విడిగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద తేడా ఏంటంటే, సినిమాలో మనం చూసేవాళ్ళం, గేములో మన చెయ్యి కూడా ఉంటుంది. మౌస్ కదిపినా తెర కదలకపోతే కన్ను క్షమించినా చెయ్యి క్షమించదు.

ఎల్‌సీడీ తెరలు వచ్చాక వణుకు పోయింది, ఎందుకంటే ఈ తెర తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఉన్న బొమ్మని అలాగే పట్టుకుని ఉంటుంది. ఆ ధైర్యంతో అందరూ 60 దగ్గర స్థిరపడిపోయారు. కానీ ఆ పట్టుకోవడంలోనే ఇంకో తంటా వచ్చింది. న్యూస్ చానల్ పెట్టి కింద పరిగెత్తే స్క్రోలింగు చదవండి. అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి. కన్ను అక్షరం వెంట నడుస్తూ ఉంటుంది, బొమ్మ మాత్రం ఒకచోట ఆగి, గెంతి, మళ్ళీ ఆగుతుంది. 1920 పిక్సెళ్ళ, అంటే అన్ని చుక్కల వెడల్పున్న తెర మీద ఒక వస్తువు ఆ చివర నుంచి ఈ చివరకి సెకనులో వచ్చిందనుకోండి. 60 హెర్ట్జ్ మీద ఒక్కో గెంతు 32 పిక్సెళ్ళు. 144 మీద 13. 165 మీద 12కి లోపే. గెంతు ఎంత చిన్నదైతే అలుకు అంత తగ్గుతుంది. ఇది ప్రచారం కాదు, లెక్క.

ఆ లెక్కే ఇంకో సంగతి కూడా చెబుతుంది. 60 మీద ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది, 144 మీద 6.9. దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొచ్చాయి. 144 నుంచి 240కి వెళితే కలిసొచ్చేది 3 మిల్లీసెకన్లు కూడా లేదు. పోటీల్లో ఆడేవాళ్ళకి అది కూడా కావాలేమో. మామూలు ఇంటి పిల్లలు 240, 360 కోసం తల్లిదండ్రులని ఇబ్బంది పెట్టొద్దని నా దగ్గరికి వచ్చినవాళ్ళకి గట్టిగానే చెబుతాను.

ఇక రెండో మాట, 144 కొంటే చాలన్నది. దీనికి జవాబు నా బల్ల మీదికే వచ్చింది.

జూలైలో దుగ్గిరాల నుంచి ఒక టైలర్ గారు, ఇంటర్ పూర్తయిన కొడుకుతో కలిసి ఆటోలో సీపీయూ, మానిటరు వేసుకుని వచ్చారు. జూన్‌లో స్కూలు యూనిఫాంలు కుట్టిన డబ్బుతో కొన్న 24 అంగుళాల 165 హెర్ట్జ్ మానిటరు. 11,000 రూపాయల పైచిలుకు.

"అన్నా, మూడు నెలలు వెంటపడి కొనిపించాడు. ఇప్పుడేమో పాతదానికీ దీనికీ తేడా లేదంటాడు. షాపుకి ఫోన్ చేస్తే మానిటరు బాగానే ఉంది, మీవాడిదంతా అనుమానం అన్నారు" అన్నారాయన.

పిల్లవాడు తల వంచుకుని నిలబడ్డాడు. నాన్న డబ్బు తగలేశానన్న బాధ మొహంలోనే కనిపిస్తోంది.

సీపీయూ వెనక్కి తిప్పగానే సగం విషయం తెలిసిపోయింది. మానిటరుకి బొమ్మ తీసుకెళ్ళే హెచ్‌డీఎంఐ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా పైన మదర్‌బోర్డు పోర్టుకి పెట్టి ఉంది. లోపల జీటీఎక్స్ 1650 కార్డు ఉంది, సెకండ్ హ్యాండే అయినా మంచి కార్డు. టాస్క్ మేనేజర్ తెరిచి గేము పెట్టిస్తే కార్డు మీద పని సున్నా. బరువంతా ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మోస్తోంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో చూస్తే 165 అనే అంకె లిస్టులోనే లేదు. ఆ బోర్డు పోర్టుకి అంత పంపే శక్తి లేదు మరి.

కేబుల్ తీసి కార్డుకి పెట్టాను. ఇప్పుడు లిస్టులో 144 దాకా వచ్చింది. ఆ మానిటరుకి 165 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం కేబుల్ పెట్టాలి. బాక్సులో వచ్చింది హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే. ఏ పోర్టుకి ఎంత వస్తుందన్నది బాక్సు మీద ఎక్కడా లేదు, లోపలి కాగితంలో చీమ తలంత అక్షరాల్లో ఉంది. నా డ్రాయర్‌లో ఉన్న డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఒకటి తీసి పెట్టాను. లిస్టులో 165 వచ్చింది. అయినా విండోస్ మాత్రం 60 మీదే నడుస్తోంది! సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్ళి మన చేత్తో 165 ఎంచుకోవాలి. కొత్త మానిటరు పెట్టాక ఆ పని ఎవరూ చేయలేదు.

మార్చక ముందు, మార్చాక, తండ్రిని కూడా కూర్చోబెట్టి చూపించాను. నల్లటి తెర మీద మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పాను. 60 మీద బాణాలు విడివిడిగా, మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీలతో కనిపించాయి. 165 మీద అవే బాణాలు దండలో పూలలా దగ్గరికి చేరాయి. తర్వాత మీ ఈ-పేపర్ తెరిచి పేజీని నెమ్మదిగా కిందికి జరిపాను. 60 మీద హెడ్డింగులు తప్ప ఏమీ చదవలేకపోయారాయన. 165 మీద పేజీ కదులుతుండగానే కింది వరుస చదివి వినిపించారు. ఆయనకి 51 ఏళ్ళు, సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు పెట్టుకుంటారు. అలాంటి కంటికి కూడా తెలిసింది.

"అయితే మావాడు చెప్పింది నిజమేనన్నమాట" అన్నారు. పిల్లవాడు అప్పుడు తలెత్తాడు.

కథ అక్కడితో అయిపోలేదు. షూటింగ్ గేము వాలరంట్ సెకనుకు 150 ఫ్రేముల పైన పరిగెత్తింది, వాడి ఆనందానికి హద్దు లేదు. కానీ పెద్ద పెద్ద ఊళ్ళు, కార్లు ఉండే ఇంకో గేము పెడితే తెర మూలన అంకె 70 చూపిస్తున్నా ఆట కుదుపుగానే ఉంది. మానిటరు సెకనుకు 165 సార్లు తెర దిద్దడానికి సిద్ధంగా ఉంటుంది. కార్డు 70 బొమ్మలే ఇస్తే చూపించేది ఆ 70నే. ఉన్న బొమ్మనే మళ్ళీ మళ్ళీ చూపించడం తప్ప అది ఇంకేమీ చేయలేదు. హెర్ట్జ్ మానిటరు సొత్తు, ఫ్రేములు కార్డు సొత్తు. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ఎంత ఉరికినా రెండోది నడిచినంతే బండి నడుస్తుంది.

అయినా 70 అంటే తక్కువేం కాదు, మరి కుదుపు ఎందుకు? అంకెలు కాదు, ఒక్కో ఫ్రేము ఎంతసేపటికి వచ్చిందో గీతగా చూపించే ప్రోగ్రాం పెట్టాను. వరసగా 12, 13 మిల్లీసెకన్లకి వస్తూ వస్తూ, ఉన్నట్టుండి ఒకటి 50కి, మళ్ళీ మామూలు, మళ్ళీ ఒకటి 60కి. గీత ముళ్ళకంపలా ఉంది. టైలర్ గారు ఆ గీత చూసి, "అన్నా, ఇది మా మిషన్ జబ్బే. అంగుళానికి పన్నెండు కుట్లు అని లెక్క సరిపోతుంది, కానీ ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి పడుతుంది. లెక్క చూస్తే బాగుంటుంది, గుడ్డ చూస్తే ముడత" అన్నారు.

నేను పాతికేళ్ళుగా కస్టమర్లకి చెప్పలేక తంటాలు పడుతున్న సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. సగటు మోసం చేస్తుంది. అందుకే మీ పేజీలో ఏ కంప్యూటర్ గురించి రాసినా సగటు ఫ్రేములతో పాటు, అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క కూడా వేయాలంటున్నాను. సగటు 100 ఉండి ఆ లెక్క 25కి పడిపోయే మిషన్ కంటే, సగటు 65 ఉండి అది 55 దగ్గర నిలిచే మిషన్ మీద ఆట హాయిగా ఉంటుంది.

ఆ అబ్బాయి కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంది. అలాంటిదే రెండోది వేశాం. రెండు స్టిక్కులు జంటగా పనిచేస్తే డేటా వెళ్ళే దారి కూడా రెట్టింపవుతుంది. ముళ్ళు చాలావరకు పోయాయి. ఆ పైన గేములో ఫ్రేములని 60 దగ్గర కట్టేశాను. 70 వచ్చేదాన్ని 60కి తగ్గిస్తే స్మూత్ అవడమేంటని పిల్లవాడు ఆశ్చర్యపోయాడు. కార్డుకి ఎప్పుడూ కాస్త ఊపిరి మిగిలి ఉంటే ఫ్రేములు సమానంగా వస్తాయి.

ఇక్కడ నా పాత వృత్తి గుర్తొచ్చింది. పాత టీవీలకి వర్టికల్ హోల్డ్ అని ఒక నాబ్ ఉండేది. దూరదర్శన్ సిగ్నల్‌లో సెకనుకు 50 సార్లు ఒక సింక్ పల్సు వచ్చేది. టీవీ లోపలి ఆసిలేటర్ దానితో జత కలవకపోతే బొమ్మ పైకో కిందికో దొర్లుతూ ఉండేది. వార్తలు చదివే ఆవిడ తల కింద, భుజాలు పైన. నాబ్ తిప్పి జత కలిపితే బొమ్మ నిలబడేది. ఇప్పటి గేముల్లో వర్టికల్ సింక్ అనే ఆప్షన్ ఆ నాబ్‌కి చుట్టమే. మానిటరు సగం తెర దిద్దుతుండగా కార్డు కొత్త బొమ్మ అందిస్తే పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ పడతాయి. ఆటలో గిర్రున తిరిగినప్పుడు కరెంటు స్తంభం నడుం దగ్గర రెండు ముక్కలై పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. దీన్నే టేరింగ్ అంటారు.

వర్టికల్ సింక్ పెడితే ఈ చీలిక పోతుంది, కానీ దానికి ఖర్చు ఉంది. 60 హెర్ట్జ్ మానిటరు 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి తలుపు తీస్తుంది. కార్డు 17కి వస్తే తలుపు మూసేసి ఉంటుంది, మళ్ళీ తీసేదాకా గడపలో నిలబడాలి. అలా అర మిల్లీసెకను ఆలస్యానికి కూడా 60 కాస్తా 30కి పడిపోవచ్చు.

దీనికి అసలు మందు మానిటరునే కార్డు కోసం ఆగేలా చేయడం. 2013లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా జీ-సింక్ పేరుతో ఈ పద్ధతి ప్రకటించింది. 2014లో తెరల ప్రమాణాలు చూసే వెసా సంస్థ ఇలాంటి పద్ధతినే అడాప్టివ్ సింక్ పేరుతో డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది, ఇంకో కార్డుల కంపెనీ ఏఎండీ తెచ్చిన ఫ్రీసింక్ దాని మీదే నడిచింది. 2019 నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా ఆ మానిటర్లతో పనిచేస్తున్నాయి. కార్డు 63 ఇస్తే మానిటరు 63, 91 ఇస్తే 91. దీనికి ఒక పరిధి ఉంటుంది, ఈ అబ్బాయి మానిటరుకి 48 నుంచి 165. ఫ్రేములు 48 కంటే తగ్గితే మంచి మానిటర్లలో ఒక్కో బొమ్మని రెండుసార్లు చూపించి నెట్టుకొస్తారు. మధ్యతరగతి ఇంటికి నేనైతే 240 అంకె కంటే ఈ సదుపాయమే ముందు చూడమంటాను. దుగ్గిరాల అబ్బాయి మానిటరులో ఇది మొదటి నుంచీ ఉంది. మానిటరు మెనూలో ఆఫ్ చేసి ఉంది, అంతే.

ఇప్పుడు అసలు నా బాధ. ఆ బాక్సు మీద అబద్ధం ఒక్కటీ లేదు. 165 అన్నారు, 165 వస్తుంది. కానీ అది ఏ పోర్టుకి, ఏ కేబుల్‌తో, ఏ సెట్టింగ్ మార్చితే వస్తుందో కొన్నవాడికి కనిపించేలా చెప్పలేదు. అమ్మినవాడు ఒక్కసారి పెట్టి చూపించలేదు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు పెట్టకపోవడం వల్ల ఒక తండ్రి కొడుకుని నెల రోజులు నమ్మలేదు.

మానిటర్లే కాదు. టీవీల మీద మోషన్ రేట్ లాంటి పేర్లతో 120, 240 అని రాస్తారు, లోపల ప్యానెల్ 60దే అయి ఉండొచ్చు. ఫోన్లకి 240 హెర్ట్జ్ టచ్ శాంప్లింగ్ అని పెద్దక్షరాల్లో వేస్తారు. అది వేలు తాకిందా లేదా అని తెర ఎన్నిసార్లు చూస్తుందన్న లెక్క, బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క కాదు. తెర 90 దగ్గరో 120 దగ్గరో ఉంటుంది. పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం 1 మిల్లీసెకను అని మానిటరు మీద వేసే అంకె కూడా ఏ కొలతలో తీశారో చెప్పరు. కొన్నిటిలో ఆ అంకె రావాలంటే పెట్టాల్సిన సెట్టింగ్ పెడితే కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ ఈడ్చుకొస్తుంది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో రాసి ఉంది. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా అందులోకే వస్తుంది. ఇలాంటి ఇబ్బంది పడినవాళ్ళు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. అయితే ప్రతివాడూ ఫిర్యాదు దాకా వెళ్ళాల్సిన అవసరం ఏముంది? ఫ్రిజ్‌కి, ఏసీకి కరెంటు స్టార్ లేబుల్ ఉన్నట్టే మానిటరు, టీవీ, ఫోను బాక్సుల మీద నాలుగు వరుసల లేబుల్ తప్పనిసరి చేయొచ్చు కదా. ప్యానెల్ అసలు హెర్ట్జ్ ఎంత, పూర్తి రిజల్యూషన్‌లో ఒక్కో పోర్టుకి ఎంత వస్తుంది, అడాప్టివ్ సింక్ పరిధి ఎంత, లోపల ఏ కేబుల్ ఉంది. ఇంతే.

చట్టం వచ్చేలోపు షాపుల వాళ్ళకి, నా తోటి మెకానిక్కులకి చేతులు జోడించి ఒకటి అడుగుతున్నాను. 165 కొన్నవాడికి 165 పెట్టి, తెర మీద ఆ అంకె చూపించి పంపండి. ఇంట్లో ఏ కార్డు ఉందో అడగండి. ఆ కార్డు 50 ఫ్రేములకి మించి ఇవ్వలేనిదైతే మానిటరు ఇప్పుడొద్దు, ముందు కార్డో ర్యామో చూసుకోమని చెప్పండి. ఆ రోజు ఒక బేరం పోతుంది, నిజమే. ఆ మనిషి మాత్రం మళ్ళీ మీ దగ్గరికే వస్తాడు, నా అనుభవంలో చూశాను.

మీ వ్యాసం కింద రెండో భాగం వచ్చే వారం అని వేశారు. అందులో కన్ను గురించి రాసిన మాట సరిదిద్దండి. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ రకాల్లో దేనికి ఎన్ని హెర్ట్జ్ వస్తాయో తెలుగులో ఒక చిన్న పట్టిక కూడా వేయండి. కత్తిరించి నా షాపులో బల్ల ఎదురుగా గోడకి అంటించుకుంటాను. దుగ్గిరాల టైలర్ గారు ఆయన షాపుకి కూడా ఒకటి కావాలన్నారు, అక్కడికి యూనిఫాం కొలతలకి వచ్చే పిల్లలు చాలామంది గేములు ఆడేవాళ్ళేనట.

భవదీయుడు,
ఒక టీవీ, కంప్యూటర్ మెకానిక్,
తెనాలి